ఐదు పాయింట్ ఎనిమిది అంటే ఎంత?

2020లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు రోజూ ఏ పోషకాలు ఎంత కావాలో చెప్పే లెక్కలను సవరించింది. అలాంటి లెక్క వేయాలంటే ముందు ఒక నమూనా మనిషిని అనుకోవాలి. అంతకుముందు పురుషుడికి 60 కిలోలు అనుకున్న బరువును ఈసారి 65 కిలోలు చేశారు. స్త్రీకి 55 కిలోలు. ఎత్తు పురుషుడికి 177 సెంటీమీటర్లు, స్త్రీకి 162 సెంటీమీటర్లు. వార్తల్లో ఇది 5.8 అడుగులు, 5.3 అడుగులు అని వచ్చింది.

ఆ వార్త చదివిన తెలుగువాడికి 5.8 అంటే ఐదడుగుల ఎనిమిది అంగుళాలే. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో, బయోడేటాల్లో దశాబ్దాలుగా అలాగే రాస్తున్నాం మరి. కానీ ఐదడుగుల ఎనిమిది అంగుళాలంటే 172.7 సెంటీమీటర్లే. 177 సెంటీమీటర్లంటే దాదాపు ఐదడుగుల పది. వార్తలో తప్పేమీ లేదు. అక్కడి చుక్క గణితంలోని దశాంశ బిందువు. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి పదో వంతుల్లో ఎనిమిది అంటే తొమ్మిదిన్నర అంగుళాల పైమాటే. మన అలవాటులోని చుక్క మాత్రం అడుగులను, అంగుళాలను విడదీసే గీత. అందుకే మన లెక్కలో 5.9 కంటే 5.10 పొడుగు, 5.11 ఇంకా పొడుగు. అదే సంఖ్యలను కంప్యూటర్‌కిస్తే 5.10ని 5.1గా చదివి, ఆరడుగులకు రెండంగుళాలు తక్కువున్న కుర్రాణ్ణి పొట్టివాళ్ల వరుసలో చేరుస్తుంది.

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఒంటి కొలతల గురించి మన మాటల్లో చాలా భాగం ఇలాగే సాగుతుంది. సంఖ్య చెబుతాం, వింటాం, పోల్చుకుంటాం. దాన్ని ఏ కొలతలో చెప్పారు, ఎలా కొలిచారు, దేనికోసం కొలిచారు అన్నది అడగం.

ఎత్తుకు అడుగులు, బరువుకు కిలోలు అన్న ఈ జంట మనకు ఎలా వచ్చింది? తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి బజారులోకి కిలోలు, గ్రాములు దిగాయి. అంతకుముందు మద్రాసు రాజ్యంలోని తెలుగు జిల్లాల్లో తూకమంటే పలాలు, వీశెలు, మణుగులు. వీశె సుమారు కిలో నాలుగు వందల గ్రాములు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఆ లెక్కన 60 కిలోల మనిషి ఐదు మణుగుల పైచిలుకు తూగుతాడు. పప్పూ ఉప్పూ రోజూ కొనాల్సినవి కనుక కిలోలు ఒక తరంలోనే నాలుక మీదికి వచ్చేశాయి. ఎత్తును ఎవరూ కొనరు, అమ్మరు. దాని కొలతను మార్చుకోవాల్సిన తొందర ఎవరికీ పడలేదు. ఇళ్ల స్థలాలకు గజాలు, బంగారానికి తులాలు నిలిచినట్టే మనిషి ఎత్తుకు అడుగులు నిలిచాయి.

దేశం దాటితే బరువు కూడా మారుతుంది. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు ఆసుపత్రిలో 154 పౌండ్లని చెప్పి, సాయంత్రం ఫోన్లో అమ్మకు 70 కిలోలని చెప్పాలి. బ్రిటన్‌లో పాతతరం వాళ్లు ఇంకా స్టోన్లలో చెబుతారు. ఒక స్టోన్ 14 పౌండ్లు, అంటే సుమారు 6.35 కిలోలు. ఎత్తుకు మాత్రం ఈ రెండు చోట్లా అడుగులూ అంగుళాలే కనుక మనవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

అడుగుల కంటే ముందు కొలతబద్ద మన ఒళ్లే. చాచిన బొటనవేలి నుంచి చిటికెనవేలి కొసకు జాన. మోచేతి నుంచి నడిమివేలి కొసకు మూర. రెండు చేతులూ బారచాపితే బార. బావి లోతు చెప్పాలంటే నిలువులు. ఇప్పటికీ మల్లెపూలమ్మే ఆవిడ చేతికి దండను ఆనించి మూర కొలుస్తుంది, పొడుగు చేతులావిడ దగ్గర కొంటే కాస్త ఎక్కువ వస్తుందని కొనేవాళ్లకు తెలుసు. వీటిలో బారకు వైద్యంలో ఈనాటికీ పని ఉంది. పెద్దవాళ్లలో సగటున బార పొడవు, మనిషి ఎత్తు ఇంచుమించు ఒకటే. నడుము వంగిపోయిన ముసలివాళ్లను, మంచం దిగలేని రోగులను నిలబెట్టి కొలవడం కుదరనప్పుడు చేతులు చాపించి, ఒక చేతి నడిమివేలి కొస నుంచి రెండో చేతి కొసదాకా టేపు పట్టి ఎత్తును అంచనా వేస్తారు.

బరువును నలుగురిలో బాహాటంగా తూచే చోటు మనకు గుడి. తిరుమలలో మొక్కు ఉన్న తల్లిదండ్రులు బిడ్డను తులాభారంలో ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో నాణేలో బెల్లమో కలకండో పెడతారు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లాన్ని బంగారమనే పిలుస్తారు. మొక్కుకున్నవాళ్లు కాంటా ఎక్కి తమ బరువుకు సరిసమానంగా బెల్లం తూకం వేయించి, నిలువెత్తు బంగారమని అమ్మవార్లకు సమర్పిస్తారు. కాంటా ఎక్కేది బొద్దుగా ఉన్న నడివయసు స్త్రీ అయినా అక్కడ సంఖ్యను దాచాల్సిన పని లేదు. ఎంత బరువుంటే అంత మొక్కు. ఇంట్లో, పెళ్లిళ్లలో, ఆఫీసులో బరువు అడిగితే ముడుచుకుపోయే మనిషి అక్కడ నిబ్బరంగా నిలబడుతుంది. సిగ్గు బరువులో లేదు, అడిగేవాళ్ల ఉద్దేశంలో ఉంది అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండే బరువు యంత్రానిది మరో ముచ్చట. ఎర్రవీ పచ్చవీ బల్బులు వెలుగుతూ ఆరుతూ, అద్దం వెనక చక్రాలు గిర్రున తిరుగుతూ ఉండేవి. ఎక్కి నిలబడి, చక్రాలు ఆగాక నాణెం వేస్తే లోపల టకటకమని చప్పుడై గట్టి అట్టముక్క టికెట్ ఒకటి కింద పడేది. ఒకవైపు బరువు అచ్చు, రెండోవైపు జాతకం చెప్పే ఒక వాక్యమో సినిమా తార బొమ్మో. బండి కోసం ఎదురుచూసే కుటుంబాల్లో పిల్లలు ముందు జాతకం చదివి, తర్వాత బరువు చూసేవాళ్లు. చాలా ఇళ్లలో మనుషులు తమ బరువు మొదటిసారి తెలుసుకున్నది ఆ టికెట్ మీదే. చెప్పులతో, చేతిసంచితో, భోజనమయ్యాక తూగిన ఆ సంఖ్యే ఏళ్ల తరబడి వాళ్ల బరువుగా ఉండిపోయేది.

తూకమూ టేపూ లేకుండానే ఒంటిని అంచనా వేసి చెప్పడంలో మనవాళ్లకు ఎక్కడా తడబాటు లేదు. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన కూతురు గడప తొక్కకముందే, ‘ఏంటే, ఇలా చిక్కిపోయావు’ అంటుంది అమ్మ. కొత్తగా పెళ్లయిన కుర్రాడు కాస్త ఒళ్లు చేస్తే అత్తగారి వంట గొప్పతనమంటారు. తొమ్మిదో తరగతి పిల్లాడు వేసవి సెలవుల్లో తాడిలా ఎదుగుతాడు. పురిటి కబురు రాగానే అడిగేవి రెండే ప్రశ్నలు: ఎవరు పుట్టారు, ఎంత బరువు. ‘మూడుంబావు’ అంటే ముఖాలు విప్పారతాయి. కానీ అదే బిడ్డ ఆరో నెలలో బొద్దుగా ఉందని పక్కింటావిడ అంటే అమ్మమ్మ వెంటనే దిష్టి తీస్తుంది.

ఈ మాటల్లో ఆపేక్ష ఉంది, కాదనలేం. అదే నోటితో పదహారేళ్ల పిల్లను పదిమందిలో ‘ఎంత లావయ్యావే’ అనడంలో మాత్రం ఆపేక్ష మిగలదు. ఆ పిల్ల ఆ పూట అన్నం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. పొట్టిగా ఉన్న కుర్రాడి ముందు పెళ్లిచూపుల ఎత్తుల లెక్కలు మాట్లాడటమూ అంతే. ఎత్తు అతని చేతిలో లేనిది, బరువు పూర్తిగా ఆమె చేతిలో లేనిది. ఆరోగ్యం గురించి బెంగ ఉంటే చాటుగా, మెల్లిగా అడగవచ్చు.

ఇలా మాటపడటం వల్లనో ఏమో, మనుషులు తమ కొలతలు తాము చెప్పేటప్పుడు ఎత్తును కొంచెం పెంచి, బరువును కొంచెం తగ్గించి చెబుతారు. అనేక దేశాల్లో సొంతంగా చెప్పిన సంఖ్యలను కొలిచి చూసినప్పుడు కనబడిన ధోరణి ఇది. అబద్ధం చెప్పాలని కాదు. చాలామందికి గుర్తున్నది ఎప్పుడో కాలేజీలో కొలిచిన ఎత్తు, ఎప్పుడో తూగిన బరువు. నలభై దాటాక మనిషి మెల్లగా పొట్టి అవుతాడని, వెన్నెముక అరిగేకొద్దీ డెబ్భై ఏళ్లకు కొన్ని సెంటీమీటర్లు పోతాయని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఒక్క సెంటీమీటరు మీద జీవితం ఆధారపడే చోటు పోలీసు నియామకాల మైదానం. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి పురుష అభ్యర్థి ఎత్తు 167.6 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గాలి పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లుండాలి, కనీసం 5 సెంటీమీటర్లు విప్పారాలి. స్త్రీలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు. ఏజెన్సీ ప్రాంతాల గిరిజన పురుషులకు 160 సెంటీమీటర్లు చాలు. ఈ విచిత్రమైన దశాంశాల వెనక ఉన్నవి పాత అంగుళాలే. 167.6 అంటే సరిగ్గా ఐదడుగుల ఆరంగుళాలు, 86.3 అంటే ముప్ఫై నాలుగు అంగుళాలు. కొలత మారింది, గీసిన గీత మాత్రం అలాగే ఉంది.

ఆ గీతకు అర సెంటీమీటరు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లకు ఒక సంగతి తెలిసి ఉండటం న్యాయం. మనిషి ఉదయం పొడుగ్గా, సాయంత్రం పొట్టిగా ఉంటాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. పగలంతా నిలబడి, నడిచి, బరువులు మోస్తే వాటిలోని నీరు కొంత బయటికి పోయి అవి అణుగుతాయి. రాత్రి పడుకున్నప్పుడు మళ్లీ ఉబ్బుతాయి. తేడా సుమారు ఒక సెంటీమీటరు. భూమి లాగే బలం వెన్ను మీద పడని అంతరిక్షంలో వ్యోమగాముల ఎత్తు మూడు శాతం దాకా పెరుగుతుందని నాసా చెబుతుంది. కిందికి దిగాక అదంతా పోతుంది. 2022 నియామకాలప్పుడు తెలంగాణలో ఒక అభ్యర్థిని ఎత్తు చాలదన్న భయంతో జుట్టు కింద మైనం ముద్ద పెట్టుకొచ్చి యంత్రానికి దొరికిపోయింది. చేసింది తప్పే. అయినా నెలల తరబడి తెల్లవారుజామున పరుగు సాధన చేసి, చివరికి తలపై వాలే ఒక పలక దగ్గర ఆగిపోయే పిల్లల బాధ ఎంతటిదో అందులో తెలుస్తుంది.

సరిగ్గా కొలవడం పెద్ద విద్యేమీ కాదు, కానీ శ్రద్ధ కావాలి. చెప్పులు, జడముడి, టోపీ తీసెయ్యాలి. మడమలు, పిరుదులు, భుజాల వెనకభాగం, వీలైతే తల వెనక గోడకు ఆనాలి. గడ్డం పైకెత్తకూడదు, దించకూడదు. చెవి రంధ్రం, కంటి కింది అంచు ఒకే అడ్డగీతలో ఉండాలి. జుట్టు అణిగేలా పలకను తల మీదికి దించి, కొలిచేవాళ్లు తమ కళ్లను గీతకు సమంగా తెచ్చి చదవాలి. ఇంట్లో గుమ్మానికి ఆనించి, నెత్తిన పుస్తకం పెట్టి పెన్సిల్ గీత గీసే నాన్నలు చేసేదీ ఇదే. పుస్తకం ఒరిగిపోకుండా గోడకు లంబంగా పట్టుకుంటే చాలు. 18వ శతాబ్దంలో మోంబెయార్ అనే ఫ్రెంచి పెద్దమనిషి తన కొడుకును పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు, 1759 నుంచి 1777 దాకా, సుమారు ఆరు నెలలకోసారి కొలిచి రాసుకున్నాడు. ఒక మనిషి ఎదుగుదలను మొదటి నుంచి చివరిదాకా చూపిన తొలి రికార్డు అదే. పిల్లల వైద్యులు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

బరువైతే ఇంకా చంచలం. లీటరు నీళ్లు తాగితే కిలో పెరిగినట్టే. ఆవకాయ అన్నంలోని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. రోజు మొత్తంలో కిలో, రెండు కిలోలు అటూ ఇటూ కావడం మామూలే. పొద్దున్నే పరగడుపున, అదే కాంటా మీద, అలాంటి బట్టలతోనే చూసుకుంటే వారాల మీద వచ్చే మార్పు తెలుస్తుంది. ఇటలీలో పాడువా వైద్యుడు సాంటోరియో ఈ చంచలత్వాన్ని పట్టుకోవాలని కాంటాకు కుర్చీ వేలాడదీసుకుని ముప్ఫై ఏళ్ల పాటు తనను తాను తూచుకున్నాడు. తిన్నదీ తాగినదీ ఒకపక్క, విసర్జించినది మరోపక్క లెక్కగట్టాడు. రెండూ సరితూగలేదు. మిగతాది చర్మం నుంచి, ఊపిరి నుంచి కనబడకుండా పోతోందని 1614లో పుస్తకం వేశాడు.

ఎత్తునూ బరువునూ కలిపి ఒకే సంఖ్య చేసినవాడు వైద్యుడు కాదు. బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ క్వెట్లే 1830ల్లో ‘సగటు మనిషి’ కోసం వెతుకుతూ, పెద్దవాళ్ల బరువు వాళ్ల ఎత్తు వర్గంతో పాటు పెరుగుతుందని గమనించాడు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి బీఎంఐ అని పేరు పెట్టాడు. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించడమే. ఐదడుగుల ఆరంగుళాల మనిషి 68 కిలోలుంటే 24.2 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ పట్టికలో 25 లోపు సవ్యమే. భారతీయులకు మన వైద్యులు పెట్టుకున్న హద్దుల్లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. అంటే ఒకే మనిషి ఒక పట్టికలో నిశ్చింతగా ఉండొచ్చు, మరో పట్టికలో జాగ్రత్తపడాలి. ఇక ఆ మనిషి ఎత్తును 5.6 అని టైపు చేస్తే కంప్యూటర్ దాన్ని 170.7 సెంటీమీటర్లుగా తీసుకుని 23.3 చూపిస్తుంది. చుక్క దగ్గర జరిగిన పొరపాటు దాదాపు ఒక అంకెను మింగేస్తుంది.

మనకు హద్దు ఎందుకు తగ్గించారు? జవాబు 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫొటోలో ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండే భారతీయుడి పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ కొవ్వు దాగి ఉంటుంది. షుగరు, బీపీ త్వరగా వచ్చే దారుల్లో అది ఒకటి. అందుకే బీఎంఐ ఒక్కటే చూసి స్థూలకాయమని తేల్చవద్దని 2025లో లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం చెప్పింది. నడుము చుట్టుకొలత భారతీయ పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పరీక్షలు చేయించుకోవాలి. దర్జీ టేపు ఒకటి ఇంట్లో ఉంటే చాలు.

పెద్దవాళ్ల కొలతల గురించి ఇంత మాట్లాడుకుంటాం. కొలత అన్నిటికంటే ఎక్కువ విలువైన చోట మాత్రం మాట తక్కువ. అది అంగన్‌వాడీ.

అక్కడ దూలానికి గుండ్రటి ముల్లు కాంటా వేలాడుతుంది. దాని కొక్కేనికి గుడ్డ సంచి. ముందు ఖాళీ సంచి తగిలించి ముల్లును సున్నాకు తేవాలి. తర్వాత బిడ్డను అందులో కూర్చోబెడితే కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తుంది, ముల్లు ఊగుతుంది. అది ఆగే క్షణం కోసం టీచర్ చూస్తుంది. రెండేళ్ల లోపు పిల్లల పొడవును పడుకోబెట్టి కొలవాలి, అది ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తలను పై పలకకు ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్లను నెమ్మదిగా అదిమి, పాదాల దగ్గరి పలకను జరపాలి. చెయ్యి కొంచెం అజాగ్రత్తగా ఉంటే సెంటీమీటరు తేడా వస్తుంది. రెండేళ్లు నిండాక నిలబెట్టి కొలుస్తారు, అప్పుడు అదే బిడ్డ 0.7 సెంటీమీటరు తక్కువ చూపిస్తుంది. ఇది తెలియక బిడ్డ ఎదగలేదని కంగారుపడే తల్లులున్నారు.

ఆ సంఖ్య కార్డు మీది గీతల మధ్య చుక్కగా పడుతుంది, ఇప్పుడు ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్‌లోకీ ఎక్కుతుంది. ఒక్క చుక్కతో తెలిసేది తక్కువ. చుక్కలను కలిపే గీత పైకి పోతోందా, పడుకుందా అన్నదే అసలు సంగతి. మామూలుగా బిడ్డ బరువు ఐదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. మొదటి ఏడాదిలో పొడవు సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, మళ్లీ జీవితంలో ఎప్పుడూ అంత వేగం ఉండదు. రెండు నెలలు వరసగా గీత పడుకుందంటే ఆ ఇంట్లో జ్వరమో విరేచనాలో పాలు చాలకపోవడమో ఏదో జరిగింది. చూడ్డానికి బిడ్డ బాగానే ఉన్నట్టుంటుంది కనుక, కొలవకపోతే అది ఎవరికీ తెలియదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జబ్బ చుట్టూ వేసే రంగుల టేపు ఇంకా సులువు. 12.5 సెంటీమీటర్ల పైన పచ్చ, 11.5 కంటే తగ్గితే ఎరుపు. ఎరుపు వచ్చిన బిడ్డను ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. దాదాపు ముగ్గురిలో ఒకరు. ఇది వంశపారంపర్యమని కొట్టిపారేస్తుంటారు, ‘వాళ్ల నాన్నా పొట్టే కదా’ అని. వంశం పాత్ర ఉన్న మాట నిజమే. కానీ 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీల కంటే 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెంటీమీటర్లు పొడుగు. నూరేళ్లలో వంశం మారదు. తిండి, శుభ్రమైన నీరు, జబ్బుల నుంచి రక్షణ మారాయి. అదే 1996లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, స్త్రీలది 153. పోషకాహార సంస్థ నమూనా మనిషికి రాసిన 177, 162 సెంటీమీటర్లు నేటి సగటు కాదు. ఆ రెండు వరుసల మధ్య ఉన్న దూరంలో ఎక్కువ భాగం తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి రెండో పుట్టినరోజు లోపలే ఏర్పడుతుంది, తర్వాత పూడ్చడం చాలా కష్టం. అందువల్ల నెలనెలా కాంటా దగ్గరికి బిడ్డను తీసుకెళ్లే తల్లి, నానమ్మ, మేనత్త ఎవరైనా సరే, బరువెంతని అడిగి ఊరుకోకుండా పోయిన నెల చుక్క ఎక్కడుంది, ఈ నెల చుక్క ఎక్కడుంది అని కార్డు తెరిచి చూపించమనాలి. గీత పడుకుని ఉంటే ఏం పెట్టాలో, ఎవరికి చూపించాలో ఆ టీచర్‌నే అడగాలి.